తాళం వేసిన ఇరవై రెండు ఇళ్లు

‘కొత్త కొలత’ నవల: తొమ్మిదో భాగం

పోయిన వారం మనం హిమజను పట్టపగలు పదకొండు గంటల వేళ, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక డబ్బాల గల్లీలో, పద్నాలుగో నంబరు ఇంటి ముందు వదిలేసి వచ్చాం. తలుపుకు బయట తాళం వేలాడుతోంది. ఆ తలుపు లోపల ఎవరో దగ్గారు. సరిగ్గా అక్కడ ఆపడం న్యాయం కాదని తెలుసు. కానీ పేజీలు అయిపోతే ఎవరైనా ఏం చేస్తారు?

ఈ వారమే కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు. హిమజ గణాంకాల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగి. తొమ్మిదేళ్లుగా సికింద్రాబాద్ చుట్టుపక్కల గల్లీ గల్లీ తిరుగుతూ, ఏ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తున్నారో అడిగి రాసుకోవడమే ఆమె పని. ఎనిమిది నెలల కిందట ఈ గల్లీలోని నలభై ఒక్క ఇళ్లకూ జాబితా రాసింది ఆమే. ఇరవై రెండు తలుపులకు తాళాలు చూసింది. ఇరవై రెండింటికీ ఎదురుగా ‘తాళం, నివాసం లేదు’ అని రాసి, కింద సంతకం పెట్టింది.

రాస్తే ఏమైంది అంటారా? దేశంలో, రాష్ట్రంలో ఏడాది పొడుగునా జరిగిన పనికి విలువ కట్టే కొలబద్ద పాతబడి పదేళ్లు దాటింది. ఇప్పుడు దాన్ని మారుస్తున్నారు. ఫ్యాక్టరీల్లో, కంపెనీల్లో జరిగే పనికి కాగితాలుంటాయి. ఇళ్లలో, గల్లీల్లో జరిగే పనిని మాత్రం ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి చూడాలి. అన్ని గల్లీలూ తిరగలేరు కాబట్టి కొన్నిటిని ఎంచుకుంటారు. అలా ఎంచుకున్న డబ్బాల గల్లీలో ఒక్కో ఇల్లు, అలాంటివే మూడు వందల ఇళ్ల తరఫున లెక్కలోకి వెళ్తుంది. అంటే హిమజ ‘లేదు’ అని రాసిన ఇరవై రెండు ఇళ్లతో పాటు ఆరు వేల ఆరు వందల ఇళ్ల పని రాష్ట్రం లెక్కలోంచి మాయమైపోతుంది. దిద్దుకోవడానికి గడువు రేపు, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు; అందుకే ఇవాళ మరోసారి చూసుకోవడానికి వచ్చింది. ఆ తర్వాత ఇంకో పదేళ్లు ఇదే కొలత.

సోమవారం ఇంకో జాబితా వస్తుంది. కాంట్రాక్టు వాళ్లలో ఎవరిని పర్మనెంటు చేస్తున్నారో చెప్పే జాబితా. అందులో హిమజది మూడో పేరు. తప్పుడు నమోదు ఒక్కటి బయటపడినా ఆ పేరు కొట్టేస్తారు. మళ్లీ ప్రయత్నిద్దామంటే వచ్చే ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది.

ఇక గల్లీలోకి వెళదాం.

*

దగ్గు రెండోసారి వినిపించింది. హిమజ తలుపు మీద చెయ్యి వేయబోయింది.

“కొట్టకమ్మా!” పక్కింటి గడపలోంచి ఒక ముసలావిడ లేచి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. కొంగు చివర తాళం చెవుల గుత్తి వేలాడుతోంది. “మా తమ్ముడు పోలరాజు. రేతిరంతా ఆలుగడ్డ బస్తాలు మోసొచ్చి ఇప్పుడే తొంగున్నాడు. నీకేటి కావాల?”

ఆమె పేరు అచ్చియమ్మ, ఉండేది పదమూడో నంబరులో. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ గల్లీలో పదకొండేళ్లుగా ఉంటోంది. ఇవన్నీ హిమజ తర్వాత అడిగి తెలుసుకున్నవి. ఆ క్షణంలో మాత్రం ఆమె నోటికి ఒకటే ప్రశ్న వచ్చింది.

“లోపల మనిషుంటే బయట తాళం ఏందమ్మా?”

“నానే ఏసినాను.” అదేదో ఊరందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది అచ్చియమ్మ. “లోపల గడియెట్టుకుంటే జనం ఊరుకుంటారేటి? సబ్బులమ్మేవోడు బాదుతాడు, గ్యాసోడు బాదుతాడు. మీలాటోలు కాగితాలట్టుకొని బాదుతారు. తాళం సూస్తే ఎల్లిపోతారు. రేతిరి పన్నెండుకి మారికట్టుకి ఎల్తారమ్మా ఈలందరూ. మగోలు బస్తాలు దింపుతారు. ఆడోలు టమాటాలు ఏరతారు, కొత్తిమీర కట్టలు కడతారు. తొమ్మిదికి ఇంటికొచ్చి కూడు తిని పడుకుంటారు. రెండింటికి నాను తాళాలు తీసి లేపుతాను. లేచి మళ్లా ఎల్లుల్లి వలుస్తారు, ఓటల్లోలకి.”

తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్లి చూడాలన్నది నియమం. హిమజ మూడుసార్లూ వచ్చింది. ఎండలో, బస్సు దిగి నడిచి, ఒక్కసారి కూడా ఎగ్గొట్టకుండా వచ్చింది. కానీ పొద్దున పదింటికి ఆఫీసులో మిషన్‌కు మొహం చూపించి హాజరు వేసుకోవాలి. అక్కడి నుంచి బయల్దేరితే బోయిన్‌పల్లికి పదకొండు. ఒంటి గంటకు తిరుగు ప్రయాణం. మూడుసార్లూ పదకొండింటికే వచ్చింది. మూడుసార్లూ వీళ్లు నిద్రలోనే ఉన్నారు.

తొమ్మిదేళ్లలో ఈ ఒక్క గల్లీలోనేనా ఇలా జరిగింది అన్న ఆలోచన వచ్చింది. సిగ్గేసింది. హిమజ రాస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఆఫీసులో అందరూ అంటుంటే లోలోపల ఎంత మురిసిపోయేదో గుర్తొచ్చి మరీ సిగ్గేసింది.

“ఇంకెన్ని ఇండ్లకు గిట్ల తాళాలేస్తవ్ పెద్దమ్మా?”

అచ్చియమ్మ గుత్తిని చేత్తో తడుముకుంది. “ఇరవై రెండు.”

హిమజ అక్కడే నిలబడి పైఅధికారి భానుప్రకాశ్‌కు ఫోన్ చేసింది. దిద్దుబాటు పంపే ముందు ఆయనకు చెప్పాలి. “నేనొచ్చేదాంక ఏం రాయకు,” అని ఫోన్ పెట్టేశాడు.

*

ఆయన వచ్చేలోపు హిమజకు రెండో దెబ్బ తగిలింది. విషయం చెప్పి, ఇళ్ల వివరాలు సరిచేసి రాసుకుంటానంటే అచ్చియమ్మ సంతోషిస్తుందనుకుంది. ఆవిడ చేతులు రెండూ అడ్డంగా ఊపింది.

“వొద్దమ్మా. రాయొద్దు. తొమ్మిదో నంబరు ఇంట్లో ఎల్లుల్లి వలుస్తన్నారని ఎవడో సెప్పినాడు. కరెంటోలొచ్చి దుకాణం మీటరెట్టీసినారు. నెల తిరక్కుండా ఓనరు కాళీ సేయించీసినాడు. ఇక్కడ పని సేస్తన్నారని రాస్తే రేపు మా గతేటి? తాళం ఉందనుకొని ఎల్లిపో తల్లీ. నీకూ మంచిది, మాకూ మంచిది.”

నీకూ మంచిదే. ఆ మాట హిమజ మనసులో ఎక్కడో తియ్యగా తగిలింది, అలా తగిలినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతే తప్పు పట్టేవాళ్లెవరు? ఇక్కడివాళ్లే వద్దంటున్నారు. సోమవారం పేరొస్తుంది. యాప్రాల్‌లో అమ్మ ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి మిఠాయి తినిపిస్తానని మాటిచ్చేసింది.

“మేం రాసుకునేది ఎవ్వరికీ ఇయ్యం పెద్దమ్మా. కరెంటోళ్లకు ఇయ్యం, ఓనర్‌కు ఇయ్యం. ఇస్తే మాకే జైలు. పేర్లు తీసేసి లెక్క ఒక్కటే పైకి పోతది.”

“నీ మాట నమ్మమంటావు.”

“అవును.”

“ఎందుకు నమ్మాల?”

అప్పుడే గల్లీ మొదట్లో బండి ఆగింది.

భానుప్రకాశ్ అరవైకి దగ్గరపడ్డ మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడు, అదే భయం. హెల్మెట్ చేతిలో పట్టుకుని, పగిలిన టమాటా డబ్బాల మధ్య నుంచి బూట్లు చూసుకుంటూ వచ్చాడు. అచ్చియమ్మ ఆయన్ని చూసి పలకరింపుగా నవ్వింది.

“మళ్లా ఒచ్చినావా బాబూ? కూకో.”

ఆయన ఆవిడ వైపు చూడలేదు. “ఎప్పుడో తనిఖీకి వచ్చిన తియ్,” అని హిమజతో అని, ఆమెను నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లాడు.

“ఏం చేస్తున్నవ్ హిమజా?”

“సార్, ఇండ్లల్ల మనుషులున్నరు. ఇరవై రెండిట్ల. నేను తప్పు రాసిన.”

“నువ్వు తప్పు రాయలే. తాళం ఉండె, తాళమని రాసినవ్. రూల్ ప్రకారం మూడుసార్లు వచ్చినవ్. తర్వాత నేను సుత తనిఖీ చేసి ఓకే కొట్టిన. ఫైల్ బంద్ అయిపోయింది.”

“కానీ పని జరుగుతున్నది సార్. మస్తు పని జరుగుతున్నది. రాత్రి ఒకటి, పగలు ఒకటి. ఒక్కో ఇంట్ల రెండు పనులు.”

“జరగనీ. మనమేమన్న ఆపుతున్నమా?” జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “జెర ఆలోచించు. సోమవారం నీ పేరున్నది. దానికోసం నేనెంత పరేషాన్ అయిన్నో నీకు ఎర్కే. ఇప్పుడు నువ్వు లేచి నా లెక్క తప్పంటే, నీదొక్కటే పోతదా? నాది పోదా? నాకింక పద్నాలుగు నెలల సర్వీసున్నది.”

హిమజ తల వంచుకుంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నెల రోజులు ఆమె పనిని తానే చేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పని మనిషి. అందుకే ఆయన మాట కాదనడం ఇంత కష్టంగా ఉంది.

“ఏటంటన్నాడు?” అచ్చియమ్మ దగ్గరికి వచ్చింది. “మా ఇళ్ల గురించేనా? ఏటి రాసినారో సదువు, ఇనాల.”

“అవన్నీ ఆఫీసు కాగితాలమ్మా,” అన్నాడు భానుప్రకాశ్.

“మా ఇల్లు కాదేటి బాబూ?”

ఎందుకు చదివిందో హిమజకు ఆ తర్వాత కూడా సరిగా తెలియలేదు. ట్యాబ్ తీసి, తన జాబితా తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“నంబరు నాలుగు. తాళం. నివాసం లేదు. నంబరు ఆరు. తాళం. నివాసం లేదు. నంబరు ఏడు...”

“హిమజా,” అన్నాడు ఆయన మెల్లగా.

ఆమె ఆపలేదు. ఆగితే మళ్లీ చదవలేనని తెలుసు. అచ్చియమ్మ ఒక్కో నంబరు వినగానే ఆ తలుపు వైపు చూస్తోంది. మొదట్లో ఆవిడ మొహంలో నవ్వులాంటిది ఉంది. తన ఉపాయం ఇంత బాగా పారిందా అన్నట్టు. పద్నాలుగు దాటేసరికి ఆ నవ్వు లేదు.

“నంబరు ఇరవై. తాళం. నివాసం లేదు.”

“ఆగమ్మా.” అచ్చియమ్మ చెయ్యెత్తింది. “ఇరవై మా కోడలిది. దేవిది. ఎప్పుడు రాసినావు ఇది?”

“ఏప్రిల్‌ల, పెద్దమ్మా.”

“అప్పుడు దానికి అయిదో నెల. కడుపుతో టమాటాలు ఏరీసొచ్చి ఆ ఇంట్లోనే తొంగున్నాది. శ్రావణంలో పిల్లని కన్నాది. ఆ ఇంట్లోనే.” “నివాసం నేదంటే ఏటమ్మా? మనుషులే నేరని కదా?”

“అవును.”

“ఎవుల్నీ రాకుండా తాళం ఏసినాను గానీ, మావు నేమని నానెప్పుడు సెప్పినాను?”

అచ్చియమ్మ కొంగు చివర ముడి విప్పి గుత్తి చేతిలోకి తీసుకుంది. పదకొండేళ్లుగా రెండు గంటలకు ముందు ఒక్క తాళమూ తీయని మనిషి, వాళ్ల నిద్ర చెడకూడదని గల్లీలో కుక్కను కూడా మొరగనివ్వని మనిషి, పదకొండున్నరకు నాలుగో నంబరు తలుపు తెరిచింది. “లెగండే! లెగండి! మీరు నేరంట, మనుషులని సూపించండి!” అని కేకేసింది. తర్వాత ఆరు. తర్వాత ఏడు.

ఒక్కొక్కరే బయటికొచ్చారు. కళ్లు నలుపుకుంటూ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, ఏమైందోనని కంగారుపడుతూ వచ్చారు. పోలరాజు భుజానికి తువ్వాలు చుట్టుకుని వచ్చి దగ్గుతూ గడపలో కూలబడ్డాడు. దేవి నాలుగు నెలల పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఆమె వేళ్ల చివర్లు వెల్లుల్లికి చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి. ఇరవై రెండు తలుపుల లోంచి యాభై మందికి పైగా వచ్చి గల్లీలో నిలబడేసరికి, అక్కడ బండి తిప్పుకునే చోటు కూడా లేకపోయింది.

హిమజకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“రాయమ్మా,” అంది అచ్చియమ్మ. “నిన్ను నమ్మి కాదు. మావు ఉన్నామని రాయి.”

*

గంటన్నర పట్టింది. ఎవరు, ఏ పని, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు. హిమజ మెట్టు మీద కూర్చుని అడిగింది, వాళ్లు వరసగా వచ్చి చెప్పారు. మధ్యలో ఎవరో పెరుగన్నం తెచ్చి పక్కన పెట్టారు, ఆమె ముట్టలేదు. భానుప్రకాశ్ వెళ్లిపోలేదు. బండి మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

చివర్లో ట్యాబ్ ఒక ప్రశ్న వేసింది. ‘మొదటి నమోదులో తేడాకు కారణం ఎంచుకోండి.’ కింద మూడు వరసలు. ఒకటి: ఇంటివారు వివరాలు ఇవ్వడానికి నిరాకరించారు. రెండు: చిరునామా మారింది. మూడు: నమోదు చేసినవారి పొరపాటు.

భానుప్రకాశ్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

“మొదటిది కొట్టు.”

“వాళ్లు నిరాకరించలే సార్.”

“వాళ్లకెట్ల తెలుస్తది? వాళ్లకేమన్న నష్టమా? ‘అప్పుడు చెప్పలే, ఇప్పుడు చెప్పిన్రు’. కొత్త లెక్క ఎక్కుతది, నీ పేరుంటది, నా తనిఖీ ఉంటది. అందరి పని అయిపోతది. వేరేది కొడితే పాత కాగితాలన్నీ బయటికి తీస్తరు. వినమ్మా, నేను నీ మంచికే చెప్తున్న. మొదటిది కొట్టు.” అంటూ అచ్చియమ్మ వైపు ఓసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఆయన చెప్పింది తేలికైన దారి. ఒక్క వేలు పెడితే చాలు. ఎదురుగా దేవి పిల్లను జోకొడుతూ నిలబడి ఉంది. పనిచేసి అలసి నిద్రపోయిన మనుషుల మీద, ఇప్పుడు నిద్ర మానుకుని లేచి వచ్చి అన్నీ చెప్పిన మనుషుల మీద, అడిగితే చెప్పలేదన్న నింద వేయాలి. ఎనిమిది నెలల కిందట తెలియక రాసింది. ఇప్పుడు రాస్తే తెలిసి రాసినట్టు.

హిమజ మూడోది నొక్కింది. ‘పంపించు’ అన్నదీ నొక్కింది.

భానుప్రకాశ్ కళ్లు మూసుకున్నాడు. “ఎంత పని చేసినవమ్మా,” అన్నాడు.

సోమవారం పేరు పోయింది. తెలిసే పోగొట్టుకుంది. అయినా గుండెల మీంచి బస్తా దించినట్టు తేలిగ్గా అనిపించి, ఆ పెరుగన్నం గిన్నె ఒళ్లోకి తీసుకుంది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోకముందే ఫోన్ మోగింది. కల్పలత మేడమ్. రాష్ట్రం మొత్తానికి కొత్త లెక్కలు కట్టే విభాగానికి ఆవిడే పెద్ద. హిమజ లాంటి వాళ్లకు ఆవిడ స్వయంగా ఫోన్ చేయడం ఎన్నడూ లేదు.

“హిమజా, మీ దిద్దుబాటు చూశాను. తప్పు నాదేనని రాసుకున్నారు. అలా రాసినవాళ్లను నా సర్వీసులో చూడలేదు. మీ సంగతి నేను మాట్లాడతాను.”

“థ్యాంక్యూ మేడమ్.”

“ఆగండి, అయిపోలేదు. పొరపాటు అని రాస్తే పాత ఫైలు దానంతటదే తెరుచుకుంటుంది. మీ భానుప్రకాశ్ గారి తనిఖీ కాగితం నా ముందుంది. ఆయన తలుపులు చూసి రాసింది కాదిది. ‘ఈ ఇరవై రెండు ఇళ్లలో ఎవరూ ఉండటం లేదు, ఇది నాకు స్వయంగా తెలుసు’ అని స్థానికురాలు ఒకరు ఇచ్చిన వాంగ్మూలం. కింద సాక్షి వేలిముద్ర ఉంది. ఇళ్లలో మనుషులున్నారని మీరు ఇప్పుడు రుజువు చేశారు. అంటే ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చింది ఆ సాక్షి. నోటీసు ఆపడం నా చేతిలో లేదు, సాయంత్రంలోగా ఆమెకు వెళ్లిపోతుంది. కేసు కూడా కావచ్చు.”

హిమజ చేతిలోని ముద్ద గిన్నెలో పడింది. “సాక్షి పేరు ఏమున్నది మేడమ్?”

“అచ్చియమ్మ. ఇంటి నంబరు పదమూడు.”

హిమజ తలెత్తి భానుప్రకాశ్‌ను చూసింది. ఆయన అప్పటికే ఆమెను చూస్తున్నాడు. ఫోన్‌లో మాట్లాడింది ఎవరో, ఏం చెప్పారో ఆయన అడగలేదు.

“అందుకే మొదటిది కొట్టమన్న,” అన్నాడు, ఆమెకు తప్ప ఎవరికీ వినిపించనంత మెల్లగా.

అచ్చియమ్మ జనంలోంచి దారి చేసుకుని వచ్చి హిమజ పక్కన మెట్టు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆవిడ మొహం ప్రశాంతంగా ఉంది. ట్యాబ్ వైపు, ఆ తర్వాత భానుప్రకాశ్ వైపు చూసి, కుడిచేతి బొటనవేలు కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది.

“అయిపోనాదా అమ్మా? ఆ బాబు ఒచ్చినప్పుడు ఏసినట్టు, ఇప్పుడూ ముద్ర ఎయ్యాలేటి?”